రెండు సంఘాలు, ఒక గూడెం

1940ల నడుమ సూర్యాపేట తాలూకా పల్లెల్లో ఎవరైనా ‘సంఘం’ అంటే ఏ సంఘమో అడిగి తెలుసుకోవాలి. ఆంధ్ర మహాసభ అనే పెద్ద పేరు పల్లె జనం నోట నలగలేదు. వాళ్లకు అది సంఘం. గుత్పలు పట్టి దొర మనుషులకు ఎదురు నిలిచిన రోజుల్లో గుత్పల సంఘం. దానికి యాభై ఏళ్ల ముందే ఆ ప్రాంతపు గూడేల్లో ఇంకో సంఘం వేరూనింది. తెలుగు బైబిలు క్రీస్తును నమ్మినవాళ్ల కూటాన్ని పిలిచేది కూడా ఆ మాటతోనే. ఒక సంఘం దొరను దించాలంది, రెండోది శత్రువును ప్రేమించాలంది. ఈ రెండూ ఒకదానికొకటి పొసగనివని రెండు వైపులవాళ్లూ అనుకున్నారు, ఇప్పటికీ చాలామంది అలాగే అనుకుంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు గతాన్ని దగ్గరగా చూస్తే నాకు వేరే సంగతి కనిపిస్తుంది. కాదనే దారి లేనివాడు పడే ఓర్పును కృప అనలేం. ఇక్కడి క్రైస్తవులు ముందు కాదనడం నేర్చుకున్నారు. పగవాడి పట్ల వాళ్లు చూపిన మంచితనానికి కృప అనే పేరు తగింది ఆ తర్వాతే.

ముందు వెట్టి సంగతి. నిజాం రాజ్యంలో దాన్ని నిషేధిస్తూ ఉత్తర్వులు వెలువడ్డా పల్లెలో గడి మాటే చట్టం. మాల, మాదిగ ఇళ్ల నుంచి మనిషికో పని చొప్పున వంతు పడేది. పటేలు, పట్వారీల కాగితాలు పక్క ఊరికి మోయాలి, వచ్చిన అధికారుల సామాను నెత్తిన పెట్టుకుని పొలిమేర దాటించాలి, చెప్పులూ మోటకు తోలూ ఊరికే ఇవ్వాలి. సూర్యాపేట తాలూకాకు చెందిన ఒక్క జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క రాశారు. అంత భూమి ఒక కుటుంబం చేతిలో ఉన్న చోట కాదనడం అంటే తిండి పోగొట్టుకోవడమే. ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్తా’ అన్న మాట అక్కడిది. ఆ మాటకు దొర ఇచ్చే జవాబు దయ. దెబ్బలు కాస్త తగ్గించడం, తాలు గింజలు నాలుగు ఎక్కువ వేయడం. తెలుగులో దయా కృపా ఒకటే అన్నట్టు వాడతాం గానీ, నల్గొండ జిల్లా గూడేల్లో ఆ రెంటికీ నడుమ ఎంతో దూరం ఉండేది. దయ ఎప్పుడూ గడి మెట్ల మీది నుంచి కిందికి దిగేది. కింద ఉన్నవాడు పైవాడిపై కృప చూపగలడా, చూపాలంటే వాడి చేతిలో ఏముండాలి అన్నదే ఈ చరిత్ర ముందుకు తెచ్చే ప్రశ్న.

కొండమీది ప్రసంగంలో ఒక మైలు రమ్మని బలవంతం చేసినవాడితో రెండు మైళ్లు నడవమనే మాట ఉంది. దాన్ని మనం ఓపికకు ఉపమానంగా చదివేసి వదిలేస్తాం. ఆ బలవంతానికి గ్రీకు మూలంలో వాడిన మాట అచ్చంగా వెట్టికి చెందింది. రోమా సైనికుడు దారిన పోయేవాణ్ణి పట్టుకుని మూట మోయించడాన్ని ఆ మాటతోనే చెప్పేవారు. మత్తయి సువార్త చివర కురేనీయుడైన సీమోనును పట్టుకుని సిలువ మోయించిన చోట కూడా అదే క్రియ ఉంది. అంటే క్రీస్తు సిలువను మోసింది ఒక వెట్టి మనిషి. పట్వారీ కట్టలు మోసి భుజం కాయ కాచిన మనిషికి ఈ రెండు చోట్లూ వివరించి చెప్పాల్సిన పని లేదు. అయితే ఆ బోధలో చిక్కు ఒకటి ఉంది. మొదటి మైలు హుకుం, రెండో మైలు నడిచేవాడి ఇష్టం. వాడి ఇష్టం కాబట్టే అది సైనికుణ్ణి తలదించుకునేలా చేస్తుంది. కానీ దొర కింద పుట్టినవాడికి రెండో మైలు ఎక్కడుంది? పొద్దూ మాపూ అన్ని మైళ్లూ దొరవే అయినప్పుడు తనదంటూ ఇవ్వడానికి ఏమీ మిగలదు.

ఆ మిగులు ఆదివారంతో మొదలైంది. ఈ ప్రాంతానికి వచ్చిన బాప్టిస్టు సంప్రదాయం ఒంగోలు నుంచి నడిచినది. 1866లో యెర్రగుంట్ల పేరయ్యతో ఆ ప్రాంతపు మాదిగల్లో మొదలైన కదలికకు అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి మతనియమాల్లా ఉంటాయి. ఊరు వాటిని పని ఎగవేతగా, తిరుగుబాటుగా చూసింది. జాతరలో డప్పు కొట్టేవాడు రానన్నాడు, చచ్చిన గొడ్డును ఈడ్చేవాడు మాంసం వద్దన్నాడు, ఏడు రోజుల్లో ఒక రోజు పిలిస్తే పలకలేదు. బావులు మూశారు, పొలం దారులు కట్టేశారు, దొంగ కేసులు పెట్టారు. దొరలు పొరపడలేదు. వారంలో ఒక్క రోజు తనదైనవాడు మిగతా ఆరు రోజులనూ వేరే కళ్లతో చూస్తాడని వాళ్లకు తెలుసు. ఈ సందర్భంలోనే చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది. డప్పును దయ్యాల వాయిద్యమని తోసేసి మిషన్లు నష్టం చేశాయి. వెట్టిగా కొట్టనని అనడం వేరు, తాతల చేతి విద్యను పాపమనడం వేరు. ఆ తేడాను సంఘం చాలాకాలం గుర్తించలేదు. ఆ డప్పుకు తలెత్తుకునే స్థానం తిరిగి ఇచ్చింది తర్వాత వచ్చిన దళిత ఉద్యమాలు.

నల్గొండకు ఈ సంప్రదాయాన్ని మోసుకొచ్చినవాళ్ల కథ విచిత్రమైనది. 1889లో ఇండియాకు చేరి, మరుసటి ఏడాది నల్గొండలో కాపురం పెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ అమెరికావాడు కాదు. దక్షిణ రష్యాలో, నేటి ఉక్రెయిన్‌లో స్థిరపడిన మెన్నోనైట్ రైతుల బిడ్డ. సొంత మిషన్ సంస్థ లేక వాళ్లు అమెరికన్ బాప్టిస్టుల కింద పని చేశారు. శతాబ్దం మారే వేళకు సూర్యాపేటలో హ్యూబర్ట్ దంపతులు, జనగామలో ఉన్రూ దంపతులు కుదురుకున్నారు. మెన్నోనైట్లు పదహారో శతాబ్దం నుంచీ ఆయుధం పట్టబోమని శపథం చేసినవాళ్లు, సైన్యంలో చేరమన్నందుకు దేశాలు మారినవాళ్లు. వాళ్లు తరతరాలుగా చెప్పుకునే కథ 1569లో హాలండ్‌లో జరిగింది. విశ్వాసం కోసం చెరలో పడ్డ డిర్క్ విల్లెమ్స్ తప్పించుకుని పలచటి మంచు మీదుగా చెరువు దాటాడు. వెంట తరిమినవాడు మంచు విరిగి నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనక్కి వచ్చి వాణ్ణి పైకి లాగాడు, దాంతో పట్టుబడి కాల్చబడ్డాడు. ఈ కథలో అందరూ చూసేది వెనక్కి తిరగడాన్ని. నేను చూసేది అంతకు ముందటి దాన్ని: వాడు అప్పటికే తప్పించుకున్నాడు. చెరలో కూర్చుని కావలివాణ్ణి క్షమించడంతో పోలిస్తే, అవతలి ఒడ్డున స్వేచ్ఛగా నిలబడి వెనక్కి రావడం వేరే పని.

ఆయుధం ముట్టని శాఖవాళ్లు నాటిన సంఘాలున్న జిల్లాలోనే దేశం చూసిన అతి పెద్ద సాయుధ రైతు పోరాటాల్లో ఒకటి లేచింది. 1946 జూలై 4న అప్పటి జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు ఒరిగాడు. ఆ తర్వాత సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు కదిలాయి. కరివిరాల కొత్తగూడెం నుంచి భీమ్‌రెడ్డి నర్సింహారెడ్డి, మల్లు స్వరాజ్యం వచ్చారు. నిజాం రజాకార్ల దాడులు, 1948 సెప్టెంబరు 13 నుంచి జరిగిన పోలీసు చర్య, ఆ తర్వాత యూనియన్ సైన్యం గాలింపులు దాటి, 1951 అక్టోబరు 21న పోరాటాన్ని విరమించేదాకా ఈ నేల నెత్తుటి మడుగు. ఆక్షేపణ ఇక్కడే గట్టిగా నిలబడుతుంది. గుత్పల సంఘం అయిదేళ్లలో వెట్టిని ఊడబెరికింది, దాదాపు మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచినట్టు ఉద్యమం లెక్క చెప్పింది. ప్రార్థనల సంఘం యాభై ఏళ్లలో ఇందులో ఎంత చేసింది? శత్రువును ప్రేమించమన్న బోధ దొరకు కాపలా కాయలేదా?

ఈ ఆక్షేపణలో సగానికి పైగా నిజం ఉంది, దాన్ని దాటవేసే ఏ వాదమూ నిజాయితీ గలది కాదు. బడి పెట్టడం, మందు ఇవ్వడం గొప్పవే గానీ లక్షన్నర ఎకరాల దొరను అవి కదిలించలేవు. దొర అన్యాయానికి పేరు పెట్టి దేవుడి ముందు నిలదీయాల్సిన చోట మిషన్ బంగళా చాలాసార్లు ఓర్పు గురించి మాట్లాడింది. అందుకు కారణం కూడా దూరంలో దొరుకుతుంది. రష్యాలోని మెన్నోనైట్ రైతుల్లో ధనికులకు పెద్ద పెద్ద ఎస్టేట్లు ఉండేవి, చుట్టుపక్కల భూమిలేని పేదలు వాటిలో కూలికి వచ్చేవారు. విప్లవం తర్వాత 1918, 1919లలో అరాచకవాది మఖ్నో దళాలు ఆ ఊళ్ల మీద పడినప్పుడు, నాలుగు వందల ఏళ్ల శపథం పక్కన పెట్టి వాళ్లలో చాలామంది యువకులు ఆత్మరక్షణ దళాలు కట్టి తుపాకులు పట్టారు. ఆ దాడుల్లో వందలమంది చచ్చిపోయారు. సూర్యాపేటకు శాంతి బోధను పంపిన ఊళ్లు, సూర్యాపేటలాంటి తగాదాలో దొర స్థానంలో నిలబడి ఆ శాంతిని నిలుపుకోలేకపోయాయి. వాళ్లను ఎగతాళి చేయడానికి ఇది చెప్పడం లేదు. బిడ్డల మీదికి కత్తి వచ్చినప్పుడు ఎవరేం చేస్తారో దూరంగా కూర్చుని తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఒకటి మాత్రం దీనివల్ల తేలింది. భూమి ఉన్నవాడి చేతిలో కృప సులభం, ఆ భూమి పోయేదాకా. లేనివాణ్ణి కృప చూపమనేవాడు ముందు తన చేతిలో ఏముందో చూసుకోవాలి.

మరో ఆక్షేపణ: ఆదివారం కాదనడం కూడా అరువు ధైర్యమే కదా, వెనక తెల్ల దొర ఉన్నాడు కాబట్టే మాదిగవాడు పలకడం మానాడు అని. ఒంగోలులో ఇది కొంత నిజం. అక్కడ క్లౌ మాటకు కలెక్టరు కచేరీలో విలువ ఉండేది. అయినా 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పనిలో వేలమందికి కూలి ఇప్పించిన క్లౌ, తిండి కోసం వస్తున్నారేమోనని కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. తిండి కోసమే అయితే కరువు పోయాక వాళ్లు రావాల్సిన పని లేదు. నల్గొండలో పరిస్థితి ఇంకా వేరు. అది నిజాం రాజ్యం, గడి దగ్గర, కలెక్టరు దూరం. పైగా మొదటి ప్రపంచ యుద్ధం, ఆ వెంటే వచ్చిన 1917 విప్లవం రష్యా నుంచి వచ్చే డబ్బుకు గండి కొట్టాయి. అమెరికన్ బాప్టిస్టులు ఆదుకున్న మాట నిజమే, కానీ ఊరూరా ఆదివారం పాకలో దీపం పెట్టినవాళ్లు గూడెం మనుషులే. బంగళా ఒకటి, పాకలు వందలు. పాకలో కూర్చున్నవాడి ధైర్యమంతా బంగళాదే అనడం వాడికి మరోసారి అన్యాయం చేయడమే.

నా వాదానికి గట్టి ఊతం తగాదాలు తీర్చుకునే పద్ధతిలో దొరుకుతుంది. పల్లెలో పంచాయతీ అంటే గడి ముందు చేతులు కట్టుకుని నిలబడడం, దొర చెప్పిన తప్పు కట్టడం. అన్నదమ్ముల గట్టు తగాదా అయినా ఆలుమగల పోరైనా లాభం గడిదే. మత్తయి పద్దెనిమిదో అధ్యాయం ఇంకో వరస చెబుతుంది: తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒక్కడివే వెళ్లి చెప్పు, వినకపోతే ఇద్దరు ముగ్గురిని వెంట తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టు. సంఘపెద్దల ముందు సమాధానపడడం తెలుగు క్రైస్తవ పల్లెల్లో స్థిరపడిన ఆచారం. సంస్కారపు ఆదివారానికి ముందు పగలున్నవాళ్లు మాట కలుపుకోవాలి, లేకపోతే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు. ఈ ‘సమాధానపడడం’ అనే మాటలో మనం గమనించని బలం ఉంది. లొంగిపోవడం, రాజీపడడం దాని అర్థాలు కావు. తప్పు తప్పేనని ముఖాన చెప్పాకే సమాధానం. మొదటి మెట్టు మందలింపు, ఆఖరిది చేయి కలపడం. తగాదా గడి నుంచి గూడేనికి మారిన రోజున, తీర్పు చెప్పే అలవాటు వెట్టివాడి చేతికి వచ్చింది. గుత్పల సంఘం చేసిన మొదటి పనుల్లో కూడా పంచాయతీలను దొర చేతి నుంచి లాక్కోవడం ఉంది. రెండు సంఘాల దారులూ ఈ ఒక్క చోట కలిశాయి. ఇది ఆ రెంటిలో ఎవరూ పెద్దగా చెప్పుకోని సంగతి.

పోరాటం ముగిశాక ఎదురైన పని ఎవరి దగ్గరా తుపాకితో తెగేది కాదు. పట్టించినవాడూ పట్టుబడినవాడూ, రజాకార్ల వెంట తిరిగినవాడూ వాళ్ల చేత ఇల్లు కాల్పించుకున్నవాడూ మళ్లీ ఒకే బావి నీళ్లు తాగాలి. పోరాటాన్ని ఇంకా విరమించకముందే, 1951 ఏప్రిల్ 18న ఇదే నల్గొండ జిల్లా పోచంపల్లిలో హరిజనులు ఎనభై ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వినోబా ముందు వంద ఎకరాలు ఇచ్చారు. భూదానం అక్కడ పుట్టింది. గాంధేయులు దాన్ని కృప గెలుపుగా చెబుతారు. నేను ఆ మాటను సగమే ఒప్పుకుంటాను. అడిగేవాళ్లు అడగగలిగారు అంటే దాని వెనక అయిదేళ్ల పోరాటం ఉంది. 1944 తర్వాత గుత్ప పట్టినవాళ్లు లేకపోతే ఆ సభలో ఎకరాల లెక్క చెప్పే గొంతు లేచేది కాదు. అలాగని రెడ్డిగారి చేతిని తక్కువ చేయలేం. అడిగిన చోటల్లా భూమి రాలేదు, ఇక్కడ అడిగినదానికంటే ఎక్కువ వచ్చింది. ఆ మిగతా ఇరవై ఎకరాలే ఆ కథలో రెండో మైలు.

ఇంతవరకూ ఊరికీ గూడేనికీ మధ్య సంగతి. గూడెం లోపలి సంగతి అంతకంటే కష్టమైనది, సంఘం తలదించుకోవాల్సినది. మాలపల్లెకూ మాదిగ గూడేనికీ మధ్య బావి వేరు, కంచం వేరు, పిల్లనిచ్చే మాటే లేదు. క్రీస్తులో అందరూ ఒకటని పాడిన నోళ్లే బల్ల దగ్గర పక్కన కూర్చోవడానికి తటపటాయించాయి. ఈ ప్రాంతానికి ఈశాన్యాన, ఖమ్మం దాటాక ఉన్న డోర్నకల్‌లో బిషప్ అజరయ్య దీంతోనే జీవితమంతా పోరాడాడు. 1912 డిసెంబరు 29న అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. తిరునెల్వేలి తమిళుడు, తెలుగు నేర్చుకుని మాల, మాదిగ పల్లెల మధ్య బతికి 1945 జనవరి 1న కన్నుమూశాడు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముఖం మీదే ఆయన చెప్పింది ఇదీ: మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులు కావాలి. సభలో కొందరికి కోపం వచ్చింది. ఆయన తర్వాతి ముప్పై అయిదేళ్లూ ఆ మిషనరీల పక్కనే పనిచేశాడు. ముందు కాదన్నాడు, ఆపైన కలిసి నడిచాడు. అదే మాట మాలలకూ మాదిగలకూ వర్తిస్తుంది: తెల్లవాడి మెట్టు మీద నీకెంత కోపమో, నీ మెట్టు మీద నీ కిందివాడికీ అంతే ఉంటుంది. ఆ పోరులో ఆయన పూర్తిగా గెలవలేదు. ఆయన తర్వాత ఎవరూ గెలవలేదు.

1967లో నాగార్జునసాగర్ నీళ్లు విడుదలయ్యాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ నేలలు పచ్చబడ్డాయి. కోస్తా నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు, రైసుమిల్లులు లేచాయి, 1969లో స్థానికులకూ వలస వచ్చినవాళ్లకూ మధ్య మాటలు మండాయి. కొత్త పగలు పాత పగల మీద పేరుకున్నాయి. వీటన్నిటికంటే లోతైన గీత గీసింది ఒక కాగితం. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు అందులో చేరారు. దళిత క్రైస్తవులు చేరలేదు, ఇక్కడ వాళ్లు బీసీ-సి కింద ఒక శాతంలో సర్దుకోవాలి. బాప్తిస్మం పొందినవాడికి గూడెం మారలేదు, ఊరు చూసే చూపు మారలేదు, కాగితం మాత్రం మారింది. ఇది అన్యాయమని దళిత క్రైస్తవులు ఏటా ఆగస్టు 10న నల్ల దినం పాటిస్తున్నారు, సుప్రీంకోర్టులో 2004 నుంచి వాదిస్తున్నారు. 2022లో కేంద్రం ఈ ప్రశ్న మీద బాలకృష్ణన్ కమిషన్ వేసింది. మీ మతం క్షమను బోధిస్తుంది కదా, మరి ఈ పోరాటం ఎందుకని అడిగేవాళ్లకు జవాబు సూర్యాపేట తాలూకా ఆదివారాల్లోనే ఉంది. క్షమించేది పగను, హక్కును కాదు.

ఇప్పుడు ఆ గీత సంఘం మధ్యలోంచి కూడా పోతోంది. 1994లో ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ముప్పై ఏళ్లు నడిచి, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల వర్గీకరణకు ఒప్పుకునేదాకా సాగింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ దాన్ని చట్టంగా అమల్లోకి తెచ్చి, ఎస్సీల పదిహేను శాతాన్ని మూడు వాటాలు చేసింది. ఎక్కువమంది మాదిగలకు అది ఆలస్యంగా వచ్చిన న్యాయం, చాలామంది మాలలకు చేతిలోంచి జారిన వాటా. మాదిగ సోదరుడు తన వాటా అడిగినందుకు అతణ్ణి విభజనకారుడనడం, 1870ల్లో ఆదివారం పని మానినవాణ్ణి తిరుగుబాటుదారు అన్నట్టే ఉంటుంది. వాటా తగ్గిందని బాధపడే మాల కుటుంబం గోడు వినకుండా మాదిగ పెద్దలు బల్ల ముందుకు నడవడమూ సరికాదు. మత్తయి సువార్త నుంచి వచ్చిన ఆ పాత క్రమం ఈ తగాదాకు కూడా పనికొస్తుంది: ముందు ఒక్కడివే వెళ్లి చెప్పు, తర్వాత ఇద్దరు ముగ్గురితో, ఆపైన సంఘం ముందు. సంస్కారపు ఆదివారం నెలకోసారి వస్తూనే ఉంటుంది. ఆ ముందటి శనివారం సాయంత్రం ఎవరి ఇంటికి ఎవరు ముందు వెళ్లాలన్నది ఈ మూడు పట్టణాల సంఘపెద్దలు ఇంకా తేల్చుకోవాల్సిన మాట.